చావుకి వెళ్లొచ్చిన కారు

మా ఆవిడ కారు నడపడం మానేసిన రెండు నెలలకు, ఒక తెల్లవారుజామున తిరుమలగిరి దాటాక నేను గట్టిగా బ్రేక్ వేశాను. ఎదురుగా ఉల్లిపాయల ట్రాలీ ఆటో ఒకటి చెప్పా పెట్టకుండా రోడ్డుకి అడ్డం తిరిగింది. బండి అరవై అయిదు మీద ఉంది. స్టీరింగ్ నా రెండు చేతుల్లో చలిజ్వరం వచ్చిన మనిషిలా గడగడా వణికింది. అద్దం ఊగింది, డ్యాష్‌బోర్డు మీది చిన్న వినాయకుడు ఊగాడు, నా దవడ కూడా ఊగింది. ఆటోకి బారెడు దూరంలో ఆగాం.

ఆటోవాడు వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయాడు. నేను మాత్రం నడిరోడ్డు మీద ఇంజన్ ఆపేసి అలాగే కూర్చుండిపోయాను. ఆ వణుకు నాకు కొత్త. మా ఆవిడకి కొత్త కాదు. ఒళ్లో ఖాళీ గోనెసంచులు మడిచి పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చున్న ఆవిడ నా వంక చూడలేదు. "చూశారా?" అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఏదో ఒకటి అడ్డంగా వాదించి తప్పించుకునేవాణ్ణి. ఆ విద్య నాకు బాగానే వచ్చు.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. ముప్పై ఒక్కేళ్లు ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ విభాగంలో పని చేశాను. ఇంకొకళ్లు చేసిన వస్తువుని కొలిచి, బాగుంది, బాగాలేదు అని చెప్పడం నా ఉద్యోగం. కొలవకుండా ఏనాడూ సంతకం పెట్టలేదని పదవీ విరమణ రోజు పూలదండ వేసి మరీ చెప్పారు. ఆ పొగడ్త నాకు బాగా తలకెక్కింది. ఇంటికి వచ్చాక సొంతంగా ఒక డయల్ గేజి కొనుక్కుని బీరువాలో పెట్టుకున్నాను. లోహం ఎక్కడ వెంట్రుకవాసి వంకర ఉన్నా ముల్లు కదిలి చెప్పే పరికరం అది. ఏటా దసరాకి దాన్ని నూనె గుడ్డతో తుడిచి కుంకుమబొట్టు పెడతాను. అంతకు మించి దానికి పని చెప్పలేదు.

నేను రిటైరైన ఏడాదే మా ఆవిడ ఏ.ఎస్. రావు నగర్‌లోని మా ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ మొదలుపెట్టింది. గుంటూరు వైపు వంట, నూనె తక్కువ, కారం తగుమాత్రం. నెమ్మదిగా పేరొచ్చింది. వారానికి మూడు రోజులు బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయలు రావాలి. రోజూ వచ్చే ఆటో అతను ఊరెళ్లిపోతే, ఆవిడ యాభై మూడో ఏట డ్రైవింగ్ స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకుంది. అయిదింటికల్లా బయల్దేరి, కంటోన్మెంట్ రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, ఏడింటికి తిరిగొచ్చేది. ఆ రోజుల్లో ఆవిడ మెట్లెక్కే తీరే మారిపోయింది. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ లోపలికి వచ్చేది.

గత ఏడాది ఒక సోమవారం కాఫీ ఇస్తూ అంది, "ఏవండీ, బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది, ఒకసారి చూడండి" అని.

నేను కారు తీసి కాలనీ చుట్టూ రెండు చుట్లు తిరిగాను. నేను నలభై దాటను. అది నా పద్ధతి, దాని మీద నాకు గర్వం కూడా. నలభైలో కారు వెన్నలా ఆగింది. తిరిగొచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టి, "కారుకేం లేదు. నీ కాలు మెత్తగా పడాలి. నువ్వు బ్రేక్ వెయ్యట్లేదు, రోకటిపోటు వేస్తున్నావు" అన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. మళ్లీ అడిగితే టైర్ల షాపుకి తీసుకెళ్లి వీల్ బ్యాలెన్సింగ్ చేయించి, ఇక ఆ సంగతి ముగిసిపోయిందని తీర్మానించాను.

మూడోసారి ఆవిడ చెప్పిన మాటకి మాత్రం నాకు నవ్వు ఆగలేదు.

"మీరు చావుకి వెళ్లొచ్చాక వణుకు ఎక్కువవుతోందండీ."

అప్పటికి నా తోటివాళ్లు వరసగా పోతున్నారు. ఒకే ఏడు ఫ్యాక్టరీలో చేరినవాళ్లం, ఒకే ఏడు రిటైరైనవాళ్లం, ఇప్పుడు ఇదొక వరస. మా గుంపులో కారున్నది నాకే కనక కబురు రాగానే మరో నలుగురిని ఎక్కించుకుని శ్మశానానికి వెళ్లి రావడం నా వంతు అయింది. "కారుకి దెయ్యం పట్టిందంటావా?" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. తర్వాతి చావుకి వెళ్తూ ఈ మాట కార్లో నలుగురికీ చెప్పాను. పోయినవాడి గురించి బాధపడుతూనే అందరం పడీ పడీ నవ్వాం.

ఆ తర్వాత ఒక రోజు ఆవిడ మార్కెట్ నుంచి రాగానే తాళంచెవి తలుపు పక్కన మేకుకి తగిలించి, "ఇక నేను నడపనండీ" అంది. ఎందుకని అడగలేదు. "మంచిది" అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ రోజు నుంచి మార్కెట్‌కి నేనే తీసుకెళ్తున్నాను, పొద్దున్నే లేవాలని సణుగుతూ. నా సణుగుడు భరించలేక ఆవిడ మూడు రోజుల్ని ఒక్క రోజు చేసింది. ఆకుకూరలు ఎక్కువ రోజులు నిలవవు కనక గోంగూర పప్పు, తోటకూర వేపుడు బోర్డు మీంచి చెరిపేసింది. వాటి కోసమే వచ్చేవాళ్లు రావడం మానేశారు. నేను అదీ గమనించలేదు.

అదీ సంగతి. ఇప్పుడు నడిరోడ్డు మీద కారాపుకుని కూర్చున్నాను. ఆ రోజు బయల్దేరడం ఆలస్యమై మొదటిసారి నలభై దాటాను కనక తెలిసింది, లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

"మార్కెట్ గేటు దగ్గర ఒక మెకానిక్ ఉన్నాడు. కూరగాయల బండ్ల కోసం తెల్లారకముందే తెరుస్తాడు" అంది ఆవిడ, అంతే.

ముప్పైలో ప్రాణాలు ఉగ్గబట్టుకుని అక్కడికి చేరాం. మెకానిక్‌కి నా వయసే ఉంటుంది. చెవి మీద పెన్సిల్, మెడలో మఫ్లర్. ఆవిడని చూసి, "ఏందమ్మా, శాన రోజులాయె నువ్వు బండి తేక" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి ప్రశ్నలు షురూ చేశాడు.

"బ్రేక్ ఏస్తెనే ఊగుతదా సార్, ఉత్తగ పోతుంటే సుత ఊగుతదా?"

నాకు తెలియదు.

"ఎంత స్పీడ్ల షురూ అయితది? స్టీరింగ్ ఊగుతదా, సీటు ఊగుతదా?"

"ఇవాళే చూశాను" అన్నాను. ముప్పై ఒక్కేళ్లు ఎదుటివాణ్ణి ఇలాంటి ప్రశ్నలతోనే నిలదీసినవాణ్ణి. ఆ రోజు పాఠం చదవని పిల్లాడిలా నిలబడ్డాను.

మా ఆవిడ సంచీలోంచి కూరగాయల జాబితా రాసుకునే పుస్తకం తీసింది. దాన్ని తిరగేసి వెనక వైపు నుంచి తెరిచింది. కళ్లద్దాలు పెట్టుకుని, కూరగాయల పట్టీ చదివినంత మామూలుగా చదవడం మొదలుపెట్టింది.

"సోమవారం. అరవై మీద బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకు. నలభైలో లేదు. బుధవారం. అరవైలో బ్రేక్ వెయ్యకుండా చూశాను, వణుకు లేదు. శనివారం. బ్యాలెన్సింగ్ చేయించారు, తేడా లేదు. సీటు వణకదు, చేతుల్లోనే. సోమవారం. నిన్న ఈయన చావుకి వెళ్లొచ్చారు, ఇవాళ ఎక్కువ. బుధవారం. అలాగే ఉంది, తగ్గలేదు. శనివారం. మళ్లీ చావు..."

వేగం, బ్రేకు వేసినప్పుడు, వెయ్యనప్పుడు, ముందురోజు ఏం జరిగింది, ఒక్కొక్కటీ విడివిడిగా పరీక్షించి రాసిన పట్టిక అది. మా విభాగంలో కొత్తగా చేరినవాళ్లకు ఇలా రాయడం నేర్పడానికి నాకు ఆర్నెల్లు పట్టేది. నేర్పకుండానే రాసిన మనిషి మా ఇంట్లోనే, నాకు కాఫీ ఇస్తూ తిరుగుతోంది.

మెకానిక్ నవ్వలేదు. పెన్సిల్ చెవి మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "బ్రేక్ ఏస్తెనే అంటున్నవ్, చేతులల్లనే అంటున్నవ్. అంటే ముంగటి డిస్కులే. గని చావుకు పోయొస్తే ఎందుకు ఎక్కువైతది? పోయొచ్చి బండికి ఏం జేస్తరు సార్?"

"ఏం చేస్తాం, ఏమీ చెయ్యం" అన్నాను.

"నీళ్లు పోస్తారు" అంది మా ఆవిడ.

పోస్తాను. చావుకి వెళ్లొచ్చినవాళ్లు గుమ్మం బయటే కాళ్లు కడుక్కుని కానీ లోపలికి రాకూడదు. మా ఇంట్లో ఇది మా అమ్మ నాటి నుంచీ ఉన్న పట్టింపు. నేను వచ్చే వేళకి ఆవిడ గేటు పక్కన బకెట్ నిండా నీళ్లు పెట్టి ఉంచుతుంది. నేను కాళ్లు కడుక్కుంటాను. ఆ తర్వాత, కారు కూడా శ్మశానం మట్టి తొక్కి వచ్చింది కదా అని బకెట్‌లో మిగిలిన నీళ్లు ముందు చక్రాలకి చెరో సగం కొడతాను. ఇంజన్ ఆపిన నిమిషంలోపే. ఇంటి ఆవరణలోకి తెచ్చేముందే అన్నమాట. సుయ్యిమని శబ్దం వచ్చేది, ఆవిరి లేచేది. దోషం పోయినట్టు నాకు తృప్తిగా ఉండేది.

మెకానిక్ ఇంకేమీ అడగకుండా జాకీ ఎత్తి ముందు చక్రాలు విప్పాడు. ఎడమవైపు చక్రం వెనక తిరిగే ఇనుప పళ్లెం, అదే డిస్కు, దాని మీద నీలం మచ్చలు, కాలిన పెనం మీద ఉండేలాంటివి. బ్రేక్ వేస్తే డిస్కుని నొక్కిపట్టే ప్యాడ్లు, వదిలాక వెనక్కి జరగడానికి ఉండే పిన్నుని వేలితో తోశాడు. అది కదల్లేదు.

"ఇగో, గిది జామ్ అయింది. బ్రేక్ ఇడిసినా ప్యాడ్ డిస్క్‌ను పట్టుకునే ఉంటది. ట్రాఫిక్‌ల బండి నిండ మనుషులతోని ఆగుకుంట వచ్చిండ్రు, డిస్క్ కాలి కాలి ఉంటది. దాని మీద సల్లనీళ్లు కొడితే గదేం జేస్తది సార్, వంకర తిరుగుతది."

ఈ మాట నాకు ఒక మెకానిక్ చెప్పాలా? కాలిన ఇనుము మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో తెలియని పసివాణ్ణా నేను? ఒకప్పుడు ఫ్యాక్టరీలో వేడి కడ్డీలని తొందరపడి నీళ్లలో ముంచి చల్లార్చాడని ఒకతన్ని అందరి ముందూ దులిపేశాను. ఆ లాటు మొత్తం వెనక్కి పంపాను. గేటు దాటి ఇంటికొచ్చాక అదే పని నేను భక్తిగా, తృప్తిగా, ఆరుసార్లు చేశాను. పైగా చూసింది చూసినట్టు చెప్పిన మనిషిని దెయ్యాల పిచ్చి అని ఎగతాళి చేశాను. దెయ్యాన్ని నమ్మి నీళ్లు పోసింది నేను.

మెకానిక్ గుడ్డలో చుట్టిన డయల్ గేజి బయటికి తీశాడు. మా బీరువాలో ఉన్నదాని లాంటిదే, అంచులు అరిగిపోయి, వాడీ వాడీ నల్లబడింది. డిస్కు వెనక తుప్పు గోకి, నట్లతో డిస్కుని గట్టిగా బిగించి, గేజి ఆనించాడు.

"నేను చూస్తాను" అన్నాను.

చేత్తో డిస్కుని మెల్లగా తిప్పాను. ముల్లు నాలుగైదు గీతలు కదిలితే సర్దుకోవచ్చు. అది ఇరవై దాటి పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. ఇంకోసారి తిప్పాను. అంతే. ఏడాది పాటు మా ఆవిడ చేతులకి తెలిసింది ఇప్పుడు నా కంటికి తెలిసింది.

"జెర ఆగుండ్రి సార్, పరేషాన్ కాకుండ్రి. రాణిగంజ్ నుంచి కొత్త డిస్కులు తెప్పిస్త. పదకొండుకల్ల అయిపోతది" అన్నాడు.

ఆవిడ ఫోన్ తీసి ఈ పూట కూరలు ఉండవని రోజూ కొనేవాళ్లకి చెప్పింది. తర్వాత మార్కెట్‌లోకి వెళ్లి, కావాల్సినవి కొనుక్కొచ్చి, షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని గోంగూర వలుచుకోవడం మొదలుపెట్టింది. రెండు నెలల తర్వాత కొన్న గోంగూర అది. పుస్తకం స్టూలు అంచున ఉంది. నేను తీసుకున్నాను. వద్దని అనలేదు.

చివరి పేజీ ఆవిడ మెకానిక్‌కి చదివి వినిపించలేదు.

"శనివారం. పాల ప్యాకెట్ల ముసలామె అడ్డం వచ్చింది. స్టీరింగ్ చేతుల్లో నిలవలేదు. కారు ఆగింది, ఆమె చీర కొంగు బానెట్‌కి తగిలింది. ఆమె నన్ను తిట్టలేదు, నా ముఖం చూసి నీళ్లు తాగమంది. ఆయన చెప్పిందే నిజం, తప్పు నా కాలిదే. ఇక చాలు."

ఆ రోజే ఆవిడ తాళంచెవి మేకుకి తగిలించింది. ఆ రోజే నేను మంచిది అన్నాను.

ఒక మనిషి చచ్చి ఉండేది. మా ఆవిడ జీవితాంతం తన కాలిని తిట్టుకుంటూ బతికేది. నేను పక్కనే నిలబడి, మెత్తగా వెయ్యమని ముందే చెప్పానుగా అని ఉండేవాణ్ణి. అని ఉండేవాణ్ణే, అందులో నాకు అనుమానం లేదు. అన్ని పేజీల పట్టిక రాసి, కారణం చేతికి అందినా, చివరికి దాని కింద నా తీర్పుని రాసుకుంది. తను కొలిచినదాని కంటే నేను కొలవకుండా అన్న మాటే ఎక్కువనుకుంది.

"ఈ ముసలామె సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే ఏమంటారో తెలుసుగా" అంది ఆకులు వలుస్తూనే. కోపం కూడా లేదు ఆ గొంతులో.

పదకొండున్నరకి పని అయిపోయింది. రెండు వైపులా కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు, పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టాడు. నట్లు ఒక వరసలో కాకుండా ఎదురెదురుగా బిగించాడు. మళ్లీ గేజి పెట్టమని నేనే అడిగాను. ముల్లు రెండు గీతలు కదిలి నిలబడింది.

"కొత్త ప్యాడ్లు డిస్కుకు పట్టాలె. ఖాళీ రోడ్డు మీద అరవైకి పోయి, మెల్లగ ఇరవైకి తేవాలె. పూర్తిగ ఆపొద్దు. గట్ల పదిసార్లు. నడుమ జెర సల్లారనియ్యుండ్రి, నీళ్లతోని కాదు" అని నా వంక చూశాడు. "ఎవరు నడిపిస్తరు?"

తాళంచెవి మా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ గోంగూర చేతులు కొంగుకి తుడుచుకుంది. చాలాసేపు తాళంచెవిని చూసింది. నా మీద దయతలచి తీసుకుందో, మెకానిక్ చూస్తున్నాడని తీసుకుందో నాకు తెలియదు.

కంటోన్మెంట్‌లో చెట్ల మధ్య ఒక ఖాళీ రోడ్డు ఉంది. నేను ఎడమ సీట్లో, గోనెసంచుల పక్కన. ఆవిడ సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సర్దుకుంది. నలభై, యాభై, అరవై. "బ్రేక్ వెయ్యి" అన్నాను. వేసింది. కారు చప్పుడు లేకుండా, ఎవరో వెనకనుంచి మెత్తగా పట్టుకున్నట్టు తగ్గింది. వినాయకుడు కదల్లేదు. అద్దం కదల్లేదు.

ఆవిడ ముఖం తెల్లబోయింది.

"వణుకుతోంది" అంది.

స్టీరింగ్ మీద అరచెయ్యి పెట్టాను. రాయిలా నిశ్చలంగా ఉంది. దాన్ని పట్టుకున్న ఆవిడ మణికట్లు వణుకుతున్నాయి. గాజులు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడవుతున్నాయి. మెకానిక్ బాగుచేసింది కారునే.

"కారుకేం లేదు" అన్నాను, వీలైనంత నెమ్మదిగా.

"అప్పుడూ ఇదే అన్నారు" అంది.

ఆవిడ కాసేపు రోడ్డు వంక చూసి, చేతులు చీరకి తుడుచుకుని మళ్లీ గేరు వేసింది. ఇంకా తొమ్మిదిసార్లు ఉన్నాయి.